వేలు ముందు, కన్ను వెనక: ఫోన్ చెల్లింపుల్లో పొరపాట్లు ఎందుకు జరుగుతాయి

క్లుప్తంగా: వ్యక్తుల మధ్య యూపీఐ ‘కలెక్ట్ రిక్వెస్ట్’ సదుపాయం 2025 అక్టోబరు 1 నుంచి ఆగిపోయింది. ఏళ్ల తరబడి హెచ్చరికలు పెట్టినా లొంగని మోసాన్ని ఆపడానికి చివరికి సదుపాయాన్నే తీసేయాల్సి వచ్చింది. దీని వెనక మనిషి చూపు, జ్ఞాపకం, అలవాటు పనిచేసే తీరు ఉంది. డబ్బు పోగొట్టుకున్నవారి అజాగ్రత్తగా కనిపించేదాంట్లో చాలా భాగం తెర అమరికలోనే పుడుతుంది. ఏటీఎంల నుంచి అమెరికా బ్యాంకుల దాకా అనుభవం ఇదే.

### ఏం మారింది

యూపీఐలో డబ్బు రెండు రకాలుగా కదులుతుంది. ఇచ్చేవారు తమంతట తాము పంపడం ఒకటి. తీసుకోవాల్సినవారు ‘నాకు ఇంత పంపండి’ అని ఫోన్‌లో అడిగితే, అవతలివారు సరేనని పిన్ కొట్టడం రెండోది. ఈ రెండోదే కలెక్ట్ రిక్వెస్ట్. నలుగురు కలిసి తిన్న హోటల్ బిల్లు పంచుకోవడానికో, చేబదులు ఇచ్చింది గుర్తు చేయడానికో పనికొస్తుందని పెట్టిన సదుపాయం ఇది. వ్యక్తుల మధ్య ఒక్కసారికి 2,000 రూపాయలకు మించి అడగకూడదన్న పరిమితి కూడా ఉండేది. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 జులైలో ఇచ్చిన ఆదేశంతో అది అక్టోబరు 1 నుంచి ఆగింది. ఆన్‌లైన్ దుకాణాలు, టికెట్ బుకింగ్ సైట్లు కొనుగోలుదారుల్ని ఇలా అడగడం మాత్రం అప్పుడు ఆపలేదు.

దీన్ని వాడుకున్న మోసం చాలామందికి తెలిసిందే. పాత సోఫా అమ్ముతామని ఎవరో ప్రకటన పెడతారు. మిలిటరీలో పనిచేస్తున్నానని, ట్రాన్స్‌ఫర్ అయి వచ్చానని, బేరం కూడా ఆడకుండా ఒకాయన ఫోన్ చేస్తాడు. ‘అడ్వాన్సు పంపిస్తున్నా, మీకు మెసేజ్ వస్తుంది, ఒప్పుకుని పిన్ కొట్టండి, డబ్బు మీ ఖాతాలో పడుతుంది’ అంటాడు. వచ్చేది కలెక్ట్ రిక్వెస్ట్. అందులో నోట్ రాసే గడి ఖాళీగా ఉంటుంది కాబట్టి ‘రీఫండ్’ అనో, ‘అడ్వాన్స్ రిసీవ్డ్’ అనో ఆయనే రాసి పెడతాడు. పిన్ కొట్టగానే డబ్బు అవతలికి పోతుంది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటే: చదువుకున్నవాళ్లు కూడా ఇంత గుడ్డిగా ఎలా నొక్కుతారు? డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదని బ్యాంకులు, రిజర్వు బ్యాంకు, పోలీసులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. అడిగితే ఆ సంగతి చాలామంది చెప్పగలరు కూడా. తెలిసిన సంగతి సరిగ్గా కావాల్సిన క్షణంలో ఎందుకు గుర్తుకు రాదన్నదే అసలు ప్రశ్న.

### ఒకే తెర, నాలుగు పనులు

ఏ యూపీఐ యాప్ వాడినా పిన్ కొట్టే పేజీ ఒకేలా ఉంటుంది. అది యాప్ సొంతం కాదు. ఎన్‌పీసీఐ అందరికీ ఇచ్చిన ఉమ్మడి పేజీ. భద్రత రీత్యా అది మంచి ఏర్పాటే. పైన బ్యాంకు పేరు, డబ్బు ఎవరికి, ఎంత అన్న వివరం, మధ్యలో నాలుగో ఆరో గీతలు, కింద అంకెల పలక ఉంటాయి.

ఈ పేజీ ఎప్పుడెప్పుడు వస్తుందో గమనిస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. డబ్బు పంపేటప్పుడు వస్తుంది. కలెక్ట్ రిక్వెస్టుకు ఒప్పుకునేటప్పుడు వచ్చేది. నెలనెలా దానంతట అదే కోసుకునే ఆటోపేకు అనుమతి ఇచ్చేటప్పుడు వస్తుంది. ఖాతాలో ఎంత ఉందో చూసుకునేటప్పుడూ వస్తుంది. చివరిదాంట్లో ఒక్క పైసా కూడా కదలదు. ‘పిన్ కొడితే డబ్బు పోతుంది’ అని ప్రచారం చెబుతుంటే, జీతం పడిందా లేదా అని చూసుకున్న ప్రతిసారీ ‘పిన్ కొట్టినా ఏమీ పోదు’ అని వేలికి అనుభవం నేర్పుతోంది. చెవిన పడిన నియమానికీ చేతికి అలవాటైనదానికీ పోటీ వస్తే తొందరలో గెలిచేది రెండోదే.

ఒకే మీట సందర్భాన్ని బట్టి వేర్వేరు పనులు చేయడం కంప్యూటర్ డిజైన్‌లో చాలా పాత సమస్య. క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉందని తెలియక పాస్‌వర్డ్ కొట్టి ‘తప్పు’ అనిపించుకోవడం దీనికి అందరూ ఎరిగిన రూపం. వేలు చేసే పని మారదు, యంత్రం ఉన్న స్థితి మారుతుంది, ఆ మార్పు మనిషి దృష్టికి రాదు. కట్, కాపీ, పేస్ట్ పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడైన లారీ టెస్లర్ జెరాక్స్ పరిశోధన కేంద్రంలో ఉన్నప్పటి నుంచీ ఇలాంటి దాగుడుమూతల స్థితులకు బద్ధ వ్యతిరేకి. తన కారు నంబరు ప్లేటు మీద కూడా ‘నో మోడ్స్’ (ఇలాంటి స్థితులు వద్దు) అనే అర్థం వచ్చే అక్షరాలే పెట్టించుకున్నాడు. ఆయన పోరాడిన సమస్య ఇవాళ రోజుకు కోట్లసార్లు తెరుచుకునే పేజీలో కొత్త రూపంలో ఉంది.

2025 మొదట్లో ‘జంప్డ్ డిపాజిట్’ అంటూ పుట్టిన భయాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. ఎవరో మన ఖాతాలో చిన్న మొత్తం వేస్తారని, అదేంటో చూద్దామని బ్యాలెన్సు కోసం పిన్ కొడితే, వాళ్లు అంతకుముందే పంపిన కలెక్ట్ రిక్వెస్టు ఆమోదం పొంది డబ్బు పోతుందని వార్తలు వచ్చాయి. సాంకేతికంగా అలా జరగదని, రిక్వెస్టును తెరిచి విడిగా ఒప్పుకోవాల్సిందేనని ఎన్‌పీసీఐ వివరణ ఇచ్చింది. వివరణ సరైనదే. కానీ బ్యాలెన్సు పిన్నుకూ చెల్లింపు పిన్నుకూ తేడా తెరమీద కనబడకపోవడం వల్లే ఆ పుకారు అంత సులభంగా నమ్మదగ్గదిగా అనిపించింది.

### కన్ను నిజంగా చూసేది ఎంత

తెర మొత్తం ఒకేసారి చూస్తున్నామని అనిపిస్తుంది. వాస్తవానికి అక్షరాలు చదవగలిగేంత స్పష్టత చూపు నడిమధ్యన సుమారు 2 డిగ్రీల మేరకే ఉంటుంది. ఫోన్‌ను 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే అది తెరమీద ఇంచుమించు ఒక సెంటీమీటరు వెడల్పు. మిగతాదంతా మసక. కన్ను సెకనుకు మూడు నాలుగుసార్లు చోటు మారుతూ, మెదడు ఆ ముక్కలను అతుకుతూ పోవడం వల్ల అంతా కనిపిస్తున్నట్టు తోస్తుంది.

పిన్ పేజీలో చేయాల్సిన పని అడుగున, అంకెల పలక దగ్గర ఉంది. చదవాల్సిన సంగతి నెత్తిన ఉంది. చూపు బొటనవేలి వెంట పోతుంది. వేలు నాలుగు అంకెలు కొట్టే ఆ రెండు సెకన్లలో ‘ఎవరికి, ఎంత’ అన్న వరుస మసక ప్రాంతంలోనే ఉండిపోతుంది. కావాలని తల ఎత్తి చదవాలంటే ఒక కారణం ఉండాలి. ‘డబ్బు వస్తోంది’ అని నమ్మినవారికి ఆ కారణం ఉండదు.

రంగు కూడా ఇలాగే పనిచేస్తుంది. పచ్చ బటన్ పెద్దదిగా, బొటనవేలికి అందేచోట ఉంటే, ‘వద్దు’ అనేది చిన్న అక్షరాల్లో పక్కన ఉంటే వేలు దేనిమీద పడుతుందో ఊహించడం కష్టం కాదు. లక్ష్యం ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరుంటే అంత వేగంగా చేయి దాన్ని చేరుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాల్ ఫిట్స్ 1954లోనే సూత్రంగా రాసిపెట్టాడు. బటన్ల కొలతలు నిర్ణయించేవారికి ఇప్పటికీ అదే పెద్దబాలశిక్ష.

### చెవిలో మాట, కళ్లముందు అక్షరం

ఇలాంటి మోసాల్లో నేరగాడు ఫోన్ పెట్టేయడు. ‘లైన్‌లోనే ఉండండి మేడమ్, స్పీకర్ ఆన్ చేయండి, ఇప్పుడు కింద పచ్చ బటన్ కనిపిస్తోందా’ అంటూ మాట్లాడుతూనే ఉంటాడు. దీన్ని మర్యాద అనుకోవచ్చు, ఒత్తిడి అనుకోవచ్చు. మెదడు లెక్కలో మాత్రం అది చదవనివ్వకుండా దారి మూసేయడం.

ఎదుట ఉన్న సంగతిని కాసేపు మనసులో నిలిపి ఉంచే జ్ఞాపకం చాలా ఇరుకైనది. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జార్జ్ మిల్లర్ 1956లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో దానిలో పట్టేవి ఏడు అంశాలు, అటూఇటుగా రెండు అన్నాడు. నెల్సన్ కోవన్ 2001లో ఆధారాలన్నీ మళ్లీ తూచి, నాలుగే ఉంటాయని తేల్చాడు. అంతకంటే ఇక్కడ పనికొచ్చేది అలన్ బ్యాడ్లీ, గ్రాహం హిచ్ 1974లో ప్రతిపాదించిన నమూనా. దాని ప్రకారం ఈ జ్ఞాపకంలో మాటలకు ఒక అర, బొమ్మలకు, చోట్లకు మరో అర ఉన్నాయి. విన్న మాటా, చదివిన అక్షరమూ రెండూ చేరేది మాటల అరలోకే. చదివేటప్పుడు మనసులో ఆ మాట పలుకుతుంటాం కదా, అందుకని. అవతలివాడి గొంతు ఆ అరను నింపేస్తే ‘మీ ఖాతా నుంచి 2,000 రూపాయలు చెల్లిస్తున్నారు’ అన్న వాక్యానికి లోపల చోటుండదు. బొమ్మల అర ఖాళీగానే ఉంటుంది కాబట్టి పచ్చ బటన్ చక్కగా కనిపిస్తుంది, వేలు సరిగ్గానే పడుతుంది. టీవీ చూస్తూ ఉల్లిపాయలు తరగడం తేలికే కానీ, టీవీ వార్తలు వింటూ పేపరు చదవడం కుదరదు.

తెలుగు చదవడం బాగా వచ్చినా ఫోన్‌ను ఇంగ్లిష్‌లోనే ఉంచుకునేవారు మన దగ్గర చాలామంది. కొన్న రోజున దుకాణంలో ఎలా పెట్టిస్తే అలాగే నడుస్తుంది. అటువంటివారు బటన్లను చదివి గుర్తుపట్టరు. చోటును, రంగును బట్టి గుర్తుపడతారు. బస్టాండులో బస్సు బోర్డు చదవకుండా రంగును బట్టి ఎక్కేవారు ఉన్నట్టే. మామూలు రోజుల్లో ఈ పద్ధతి ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది, చదివే పద్ధతి కంటే వేగంగా కూడా. మోసగాడు వాడుకునేది ఆ సాఫీతనాన్నే.

### హెచ్చరికలు ఎందుకు అరిగిపోతాయి

మోసం బయటపడగానే సంస్థలు చేసే మొదటి పని ఒక హెచ్చరిక పెట్టడం. ఎర్ర త్రికోణం, రెండు వాక్యాలు, ‘సరే’ అనే బటన్. ఖర్చు తక్కువ, పైగా రేపు కేసు వస్తే ‘ముందే చెప్పాం’ అనడానికి ఉంటుంది. ఇది కొంచెం కటువుగా వినిపించినా, చాలా హెచ్చరికలు చదివించడానికంటే చూపించామని చెప్పుకోవడానికే ఎక్కువ పనికొస్తున్నాయి.

అమెరికాలోని బ్రిగం యంగ్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ భద్రతా హెచ్చరికలను చూస్తున్నవారి మెదడును స్కాన్ చేసి, 2015లో ఫలితాలు ప్రకటించారు. ఒకే హెచ్చరిక రెండోసారి కనబడేసరికే చూపుకు సంబంధించిన భాగాల్లో స్పందన బాగా పడిపోయింది. అది సోమరితనం కాదు. మారని దాన్ని పట్టించుకోకపోవడం నాడీమండలం సహజగుణం. లేకపోతే ఫ్యాను చప్పుడులో ఎవరికీ నిద్ర పట్టదు. అదే పరిశోధనలో హెచ్చరిక రూపం ప్రతిసారీ మారుతుంటే ఈ అరుగుదల తగ్గిందని కూడా తేలింది. తగ్గింది కానీ ఆగిపోలేదు.

యూపీఐ విషయంలో ఇది ఎంత పెద్ద సంగతో లెక్క చూస్తే తెలుస్తుంది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటాయి. ప్రతిసారీ హెచ్చరిక చూపితే, అందులో దాదాపు అన్నిసార్లూ అది అనవసరంగా అరిచినట్టే. నాన్నా పులి కథ మెదడుకు ఎవరూ చెప్పక్కర్లేదు. మరోపక్క, ఉదాహరణకు లక్షకు ఒక్కసారే చేయి తప్పుతుందనుకున్నా, ఈ లెక్కన నెలకు 2 లక్షల పొరపాట్లు అవుతాయి. ఒక్కొక్కరూ చాలా జాగ్రత్తగా ఉన్నా మొత్తం మీద పెద్ద సంఖ్యే తేలుతుంది.

### ముగ్గురు చూసినా దాటిపోయిన 89 కోట్ల డాలర్లు

చదువు లేకపోవడం వల్లో, ఫోన్ కొత్త కావడం వల్లో ఇలా జరుగుతుందనుకునేవారికి సిటీబ్యాంక్ ఉదంతం మంచి జవాబు. 2020 ఆగస్టు 11న, సౌందర్య సాధనాల సంస్థ రెవ్‌లాన్ తీసుకున్న అప్పుకు సంబంధించి, అప్పు ఇచ్చినవారికి సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాలి. బ్యాంకు ఏజెంటుగా ఆ పని చూస్తోంది. పోయింది మాత్రం అసలుతో కలిపి సుమారు 89 కోట్ల డాలర్లు, అదీ బ్యాంకు సొంత సొమ్ము.

జరిగింది ఇది. వాళ్లు వాడిన ఫ్లెక్స్‌క్యూబ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ రకం వడ్డీ చెల్లించాలంటే అప్పు మొత్తం తీర్చేస్తున్నట్టు నమోదు చేసి, అసలు మాత్రం బయటికి పోకుండా బ్యాంకు అంతర్గత ఖాతాకు మళ్లించాలి. అలా మళ్లించడానికి మూడు గడులు పూరించాలి: ‘ప్రిన్సిపల్’, ‘ఫ్రంట్’, ‘ఫండ్’. అసలును ఆపాలి కాబట్టి ‘ప్రిన్సిపల్’ అన్న ఒక్క గడి చాలనుకున్నారు. మొదట నమోదు చేసిన ఉద్యోగి అలాగే అనుకున్నాడు. దాన్ని సరిచూసిన రెండో వ్యక్తీ అలాగే అనుకున్నాడు. ఆఖరి ఆమోదం ఇచ్చిన సీనియర్ మేనేజరూ అలాగే అనుకున్నాడు. మొదటి ఇద్దరూ మన దేశంలో విప్రో తరఫున ఆ పని చేస్తున్నవారే. ఆరు కళ్లు చూడాలన్న నియమం అక్షరాలా పాటించారు.

ఆఖరి మెట్టులో తెర ఒక హెచ్చరిక చూపింది. నిధులు బ్యాంకు బయటికి వెళ్తాయి, కొనసాగించాలా అన్నది దాని సారాంశం. వడ్డీ ఎలాగూ బయటికి వెళ్లాల్సిందే కాబట్టి ఆ ప్రశ్నకు ‘అవును’ అనడం సహజం. ఎంత వెళ్తోందో అందులో లేదు. 89 కోట్లు అన్న అంకె ఒక్కటి ఆ పెట్టెలో కనిపించి ఉంటే కథ వేరేగా ఉండేది.

మర్నాడు గుర్తించారు. కొందరు తిరిగిచ్చారు, సుమారు 50 కోట్ల డాలర్లు పుచ్చుకున్నవారు తిరిగి ఇవ్వబోమన్నారు. అంత పెద్ద బ్యాంకు ఇలాంటి పొరపాటు చేస్తుందని ఎవరూ ఊహించలేరు కనక, అప్పు ముందే తీర్చారని వాళ్లు నమ్మడం సబబేనని 2021 ఫిబ్రవరిలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసే దాకా బ్యాంకుకు టెన్షన్ తప్పలేదు.

సోఫా అమ్మినవారికీ ఈ ముగ్గురికీ మధ్య పోలిక దగ్గరిదే. ఎవరి చేయీ జారలేదు. తాము ఏం చేస్తున్నామన్న అంచనాయే తప్పింది, ఆ తప్పు అంచనాను తెర సరిదిద్దలేదు. ఈ రెండు రకాలనూ విడదీసి చూడాలని మనుషుల పొరపాట్లపై పరిశోధన చేసిన డొనాల్డ్ నార్మన్, జేమ్స్ రీజన్ వంటివారు 1980ల నుంచీ చెబుతున్నారు. 500 బదులు 5,000 కొట్టడం చేయి తప్పడం. దానికి ‘మళ్లీ ఒకసారి చూసుకోండి’ అంటే ఫలితం ఉంటుంది. అంచనాయే తప్పినవారు ఎన్నిసార్లు చూసుకున్నా తాము అనుకున్నదే కనిపిస్తుంది. సిటీబ్యాంక్‌లో మూడుసార్లు చూసుకున్నారు.

### వరస మార్చితే

మరి ఏది పనిచేస్తుంది? ఏటీఎంల చరిత్రలో జవాబు ఉంది. తొలినాళ్ల యంత్రాలు చాలావరకు డబ్బు ముందు ఇచ్చి, కార్డు తర్వాత ఇచ్చేవి. మనిషి వచ్చింది డబ్బు కోసం. డబ్బు చేతికి రాగానే పని అయిపోయిందని మెదడు ఆ ఫైలు మూసేస్తుంది. కార్డు యంత్రంలోనే ఉండిపోతుంది. అసలు పని పూర్తయ్యాక మిగిలిపోయే కొసరు పనిని మరిచిపోవడం మీద తర్వాత ప్రయోగాలు కూడా చేశారు. జిరాక్స్ తీయించుకుని అసలు కాగితాన్ని యంత్రంలోనే వదిలి రావడం ఇదే కోవకు చెందుతుంది. ‘కార్డు మరవకండి’ అన్న బోర్డులు చేయలేని పనిని చిన్న మార్పు చేసింది: కార్డు తీసుకుంటేనే డబ్బు. జనం జ్ఞాపకశక్తి ఏమీ పెరగలేదు. మరిచిపోయే అవకాశం ఉన్న పనిని, ఎవరూ మరిచిపోని పనికి ముందుకు జరిపారు.

కలెక్ట్ రిక్వెస్టును తీసేయడం ఈ జాతి పరిష్కారమే, ఇంకాస్త మొరటుది. నిజంగా వాడుకునేవారికి ఒక సౌకర్యం పోయింది. అయినా సరే అనుకున్నారంటే, తెర మీద మాటలు మార్చి ఆ అపోహను ఆపలేమని ఒప్పుకున్నట్టే.

రోడ్డు పక్క బజ్జీల బండి దగ్గర ఉండే మాట్లాడే డబ్బా కూడా ఇదే తీరులో అర్థం చేసుకోదగ్గది. బండివాడి చేతులకు శనగపిండి, కళ్లు మూకుడు మీద. ఎవరు ఎంత పంపారో ఫోన్ తీసి చూసే వీలు లేదు. కొనేవారు చూపించే ‘పేమెంట్ సక్సెస్’ తెరను నమ్మాలి, అలాంటి తెరను నకిలీగా చూపే యాప్‌లు వచ్చాయి. డబ్బా ‘నలభై రూపాయలు అందాయి’ అని తెలుగులో గట్టిగా చెప్పగానే సమస్య సగం తీరింది. ఖాళీగా ఉన్న ఒకే ఒక్క ఇంద్రియానికి సమాచారం అందింది, అదీ కొనేవారి ఫోన్‌తో సంబంధం లేకుండా. యూపీఐ చుట్టూ వచ్చిన డిజైన్లలో మనిషి ఇంద్రియాలను ఇంతగా లెక్కలోకి తీసుకున్నది మరొకటి కనిపించదు.

ఆలస్యం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. తెర పదో వంతు సెకనులో స్పందిస్తే మన చేత్తో జరిగినట్టు అనిపిస్తుంది, ఒక సెకను దాటితే ఎదురుచూస్తున్నట్టు తెలుస్తుంది, పది సెకన్లు దాటితే మనసు వేరే చోటికి పోతుంది. ఈ అంచనాలు 1968 నుంచీ వాడుకలో ఉన్నాయి. చక్రం తిరుగుతూనే ఉంటే జనం వెనక్కి నొక్కి మళ్లీ పంపుతారు, రెండుసార్లు పోతుంది. చెల్లింపు స్పందనకు ఉన్న 30 సెకన్ల గడువును 2025 జూన్‌లో 15కు తగ్గించడం ఈ కోణంలో మేలే.

### పేరు చూపిస్తే సరిపోతుందా

2025 జూన్ 30 నాటికి అమలు చేయాలంటూ మరో నియమం వచ్చింది. డబ్బు పంపేముందు తెర మీద కనిపించే పేరు బ్యాంకు రికార్డుల్లో ఉన్నదే అయి ఉండాలి. ఫోన్‌లో మనం సేవ్ చేసుకున్నదో, క్యూఆర్ కోడ్‌లో ఎవరో రాసుకున్నదో చూపకూడదు. దుకాణం స్టిక్కరు మీద వేరేవాళ్ల క్యూఆర్ అంటించే మోసాలకు ఇది అడ్డుకట్ట కావాలి.

కాగితం మీద బాగుంది. అమలులో మన పేర్ల వ్యవహారం అడ్డొస్తుంది. బోర్డు మీద ‘శ్రీ వెంకటేశ్వర టిఫిన్స్’ అని ఉంటుంది, తెర మీద ఇంటిపేరు పొడి అక్షరాలతో యజమాని భార్య పేరు వస్తుంది. కూరగాయల ఆవిడ దగ్గర స్కాన్ చేస్తే కొడుకు పేరు. ఫోన్‌లో ‘బుజ్జి పిన్ని’ అని ఉన్నావిడ బ్యాంకులో నాలుగు పదాల పొడవు. తేడా కనబడటం అరుదైతేనే అది అనుమానం పుట్టిస్తుంది. రోజూ కనబడే తేడాను కొన్నాళ్లకే పట్టించుకోవడం మానేస్తారు. చిన్న దుకాణాలు వ్యక్తిగత ఖాతాల నుంచి వ్యాపార ఖాతాలకు మారితే తప్ప ఈ నియమం పూర్తి ఫలితం ఇవ్వడం కష్టం.

### ఇదే శాస్త్రం, తిరగేసి

చూపు, అలవాటు, తొందర గురించిన ఈ జ్ఞానాన్ని వ్యాపార సంస్థలు కూడా వాడుకుంటాయి. ‘ఇంకా రెండే గదులు మిగిలాయి’, బుట్టలో చెప్పకుండా చేరే ఇన్సూరెన్సు, చేరడం ఒక్క నొక్కు అయితే మానుకోవడం ఐదు పేజీల అవతల ఉండటం, చివరి మెట్టులో మాత్రమే బయటపడే రుసుములు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాలను ‘డార్క్ ప్యాటర్న్స్’ పేరుతో గుర్తించి నిషేధించింది. మోసగాడి కలెక్ట్ రిక్వెస్టుకూ వీటికీ చట్టం దృష్టిలో చాలా దూరం ఉంది. పనిచేసే సూత్రంలో మాత్రం తేడా లేదు: వేలు పడే చోట తమకు కావాల్సింది పెట్టడం, కన్ను పడని చోట వినియోగదారుకు కావాల్సింది పెట్టడం.

### ఇకముందు ఏం జరగవచ్చు

కలెక్ట్ రిక్వెస్టు పోయినంత మాత్రాన మోసం ఆగదు. ‘ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు వస్తుంది’ అనే కథకు కలెక్ట్ రిక్వెస్టుతో పనే లేదు. స్కాన్ చేస్తే జరిగేది మామూలు చెల్లింపే. కాకపోతే అక్కడ పంపేవారు తామే కెమెరా తెరిచి, చాలాసార్లు మొత్తం కూడా తామే కొట్టాలి. రోజూ దుకాణంలో డబ్బు ఇవ్వడానికి చేసే పనులే అవి కాబట్టి, ఇవ్వడం అన్న భావన వాటికి అంటుకుని ఉంటుంది. కొందరినైనా ఆ భావన ఆపవచ్చు. నోటిఫికేషన్ నొక్కి పిన్ కొట్టడానికి అలాంటి గుర్తేమీ లేదు. పోగొట్టుకున్నవారు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే సొమ్మును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆ సంగతి మారలేదు.

పిన్ పేజీయే క్రమంగా పక్కకు తప్పుకుంటోంది. యూపీఐ లైట్‌లో ఒక్కోసారి 1,000 రూపాయల దాకా పిన్ లేకుండానే పోతుంది. ఫోన్‌లోని వేలిముద్రతో లేదా ముఖం గుర్తింపుతో చెల్లించే సదుపాయాన్ని 2025 అక్టోబరులో ప్రకటించారు. పిన్ గుర్తుంచుకోలేని పెద్దవారికి, బస్సులో పక్కవాళ్లు తొంగిచూస్తారని భయపడేవారికి ఇది ఉపశమనమే. పిన్‌ను మాటల్లో పెట్టి రాబట్టే మోసాలకు కూడా దారి మూసుకుంటుంది.

కానీ పొరపాటు లెక్కలో కొత్త ప్రశ్న వస్తుంది. నాలుగు అంకెలు కొట్టడానికి పట్టే రెండు సెకన్లలో అరుదుగానైనా ‘ఆగు, ఇదేంటి’ అనిపించే వీలుండేది. వేలు ఆనించడానికి అర సెకను చాలు. పైగా ఆ వేలే రోజుకు ఎన్నోసార్లు ఫోన్ లాక్ తీస్తుంది, యాప్ తెరుస్తుంది. బ్యాలెన్సు చూడటానికీ, డబ్బు పంపడానికీ పిన్ పేజీ ఒకటే కావడం వల్ల పుట్టిన చిక్కు, లాక్ తీయడానికీ డబ్బు పంపడానికీ సైగ ఒకటే అయితే ఇంకా బిగుస్తుంది. దీనికి పరిష్కారాలు లేకపోలేదు. వేలిముద్ర అడిగే పెట్టెలోనే మొత్తాన్ని పెద్ద అక్షరాల్లో, వేలు ఆనే చోటుకు పక్కనే చూపవచ్చు. మొదటిసారి పంపుతున్న ఖాతా అయితే, లేదా అదే సమయంలో తెలియని నంబరుతో కాల్ నడుస్తుంటే, వేలిముద్ర చాలదని పిన్ కూడా అడగవచ్చు. లక్ష లావాదేవీల్లో ఏ కొద్దిసార్లో మాత్రమే అడ్డుపడే ఆటంకం అరిగిపోదు. ప్రతిసారీ అడ్డుపడేది వారంలో అరిగిపోతుంది. యాప్ సంస్థలు ఈ రెండింటిలో ఏది ఎంచుకుంటాయన్నది ఇంకా తేలాల్సి ఉంది. చెల్లింపు ఎంత త్వరగా పూర్తయితే అంత మంచిదని లెక్కగట్టే పోటీలో ఉన్న సంస్థలకు ఏ ఆటంకమైనా కష్టమైన నిర్ణయమే.